కార్డు ఇచ్చేట్టయితే పల్లెవెలుగుకే ముందివ్వండి

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఆర్టీసీ హౌస్, విజయవాడ.

అయ్యా,

బస్సులో స్మార్ట్ కార్డు అనే మాట మన దగ్గర ఎప్పుడు వచ్చినా మెట్రో రైలునో, సిటీ బస్సునో వెంటబెట్టుకునే వస్తుంది. చెన్నైలో సింగార చెన్నై కార్డు ముందు మెట్రోలో తిరిగి, 2025లో సిటీ బస్సెక్కింది. హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు ఇచ్చిన కార్డు, స్టేషను మెట్లు దిగి ఆర్టీసీ బస్సెక్కితే పనికిరాలేదు. మన రాష్ట్రంలో కూడా పూర్తి స్థాయిలో కార్డులు పెట్టే రోజు వస్తే విజయవాడలోనో విశాఖలోనో ప్రారంభోత్సవం చేసి, మిగతా జిల్లాలకు దశలవారీగా అంటారని నా భయం. దశలవారీగా అన్న పని పల్నాడు దాకా వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో మాకు తెలియంది కాదు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం 2011-12లో మంజూరైంది. మా ఊరి దగ్గర నుంచి శావల్యాపురం దాకా రైలొచ్చింది. శ్రీకాళహస్తి దాకా ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ ఒక తరం కాలేజీ చదువులు ముగించేసింది.

అందుకని ఆ వరస తిరగేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కార్డు పల్లెవెలుగు బస్సులో మొదలుపెట్టండి. అందునా పిడుగురాళ్ల డిపోలో మొదలుపెట్టండి. సొంత ఊరి మీద అభిమానంతో అంటున్నానని మీరు అనుకోవచ్చు, అది కొంత నిజం కూడా. కానీ కార్డు అవసరం ఎక్కువున్నది ఇక్కడే అన్నది నా వాదన. సిటీలో అది ఉన్న సౌకర్యాల మీద ఇంకో సౌకర్యం మాత్రమే.

సున్నం బట్టీల పుణ్యమా అని మా ఊరి పేరు చాలామందికి తెలుసు. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉన్నాం కాబట్టి హైదరాబాదు బస్సులకూ సిమెంటు లారీలకూ లోటు లేదు. బస్టాండులో గంటల కొద్దీ నిలబడే జనం మాత్రం వేరు. వాళ్ళు జానపాడు, తుమ్మలచెరువు, జూలకల్లు, కరాలపాడు, మాచవరం, పిల్లుట్ల, మోర్జంపాడు వెళ్ళాల్సినవాళ్ళు. మిరప కోతలకు పోయే ఆడవాళ్ళు, బట్టీల్లో పనిచేసే కూలీలు, ఆసుపత్రికొచ్చిన ముసలివాళ్ళు, కాలేజీ పిల్లలు. వీళ్ళ ఇళ్ళల్లో స్మార్ట్ ఫోన్లు లేవని కాదు. ఉన్నది ఇంటికొకటి. పొద్దున్నే అది చదువుకునే పిల్లాడి జేబులో పడి వెళ్ళిపోతుంది. చేలోకి పోయే తల్లి దగ్గర ఉండేది నొక్కుడు బటన్ల ఫోను, చీర కొంగున ముడేసిన నోట్లు.

కండక్టరు చేతిలోని టిమ్ అనే టికెట్ల మిషను మీద ఫోన్‌పే కొట్టి టికెట్టు తీసుకునే వీలు ఇప్పటికే ఉంది. 2025 జనవరి 30న ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో ఆర్టీసీ టికెట్టు కూడా దొరుకుతుంది. విజయవాడ బస్టాండులో నిలబడి చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. అయితే ఫోనుతో డబ్బు కదలాలంటే ప్రయాణికుడి ఫోనుకూ, కండక్టరు మిషనుకూ, రెండు వైపుల బ్యాంకులకూ సరిగ్గా ఆ క్షణంలో సంబంధం కలవాలి. బస్సు హైవే దిగి గుత్తికొండ కొండల వైపు తిరిగాక, లేదా వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల అడవి అంచు ఊళ్ళలోకి పోయాక సిగ్నల్ నిలకడగా ఉండదు. డబ్బు ఖాతాలోంచి పోయిందో లేదో తెలియక ప్రయాణికుడూ, వచ్చిందో లేదో తెలియక కండక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. ఈలోపు స్టేజీ దాటిపోతుంది.

కార్డు పనిచేసే తీరు వేరు. అందులో బ్యాటరీ లేదు. గోరంత చిప్పు, దాని చుట్టూ ప్లాస్టిక్కు పొరల మధ్య దాగిన సన్నటి తీగ చుట్ట, అంతే. మిషను దగ్గర పెట్టగానే అది వెదజల్లే రేడియో తరంగాల నుంచే చిప్పుకు కావలసిన కరెంటు పుడుతుంది. నిల్వ ఎంతో కార్డులోనే రాసి ఉంటుంది. మిషను ఆ నిల్వలోంచి ఛార్జీ తగ్గించి, కొత్త అంకె మళ్ళీ కార్డులోనే రాస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు పని అయిపోతుంది. ఎక్కడో ఉన్న సర్వరును అడగాల్సిన పని లేదు. రాత్రి బస్సు డిపోకొచ్చాక ఆ రోజు లెక్కంతా మిషను ఒకేసారి పంపుకోవచ్చు. హాంకాంగ్‌లో ఆక్టోపస్ కార్డు 1997 సెప్టెంబరులో వచ్చింది, లండన్‌లో ఆయిస్టర్ 2003లో వచ్చింది. బస్సులో కూర్చున్నవాడి ఫోనులో ఇంటర్నెట్ అనేది మామూలు సంగతి కాని రోజులవి. అంటే ఈ పద్ధతి సిగ్నల్ మీద ఆధారపడకుండా పుట్టిందే. సిగ్నల్ బాగా ఉన్న సిటీలకు మాత్రమే దాన్ని ముందు ఇచ్చి, లేని ఊళ్ళను ఆగమనడంలో న్యాయం ఎక్కడుంది?

కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు కూడా. 2019 మార్చి 4న అహ్మదాబాదులో ప్రధాని ప్రారంభించిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు రూపే పద్ధతి మీద నడుస్తుంది. రెండు వేల రూపాయల దాకా నిల్వ పట్టే ఆఫ్‌లైన్ పర్సు అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఇంకో వెసులుబాటు ఇచ్చింది. ప్రయాణాలకు మాత్రమే వాడే కార్డులను కేవైసీ కాగితాలేవీ అడక్కుండా, మూడు వేల నిల్వ వరకు ఇవ్వొచ్చంది. అంటే బ్యాంకు ఖాతా లేకపోయినా, ఆధార్ చూపకపోయినా, కొట్లో అగ్గిపెట్టె కొన్నంత సులువుగా బస్సు కార్డు కొనుక్కోవచ్చు. మాకు కావలసింది సరిగ్గా ఇదే. ఒక చిక్కు ఉంది. ఆ రకం కార్డుకు గడువైతే లేదు గానీ, ఒకసారి వేసిన డబ్బు వెనక్కి తీసుకునే వీలూ లేదు. నెల జీతగాడికి అది పట్టింపు కాకపోవచ్చు. రోజు కూలికి పోయే మనిషి రెండొందలు కార్డులో వేసి, మర్నాడు పిల్లకు జ్వరమొస్తే ఆ డబ్బు మందులకు పనికిరాదు. అందుకని ఇరవై రూపాయలు కూడా వేసుకునేలా ఉండాలి, కనీసం వంద వేయాల్సిందే అన్న నిబంధన పెట్టకూడదు. వేసే చోటు కూడా ఊళ్ళోనే ఉండాలి. గ్రామ సచివాలయం ఉంది, చిల్లర కొట్టు ఉంది, అన్నిటికన్నా ముందు బస్సులోనే కండక్టరు ఉన్నాడు. నోటు తీసుకుని తన మిషను మీదే కార్డులో డబ్బు ఎక్కించే అధికారం ఆయనకివ్వండి.

చిల్లర కొట్టు అన్నాను కాబట్టి బస్సులో చిల్లర గురించి కూడా ఒకటి చెప్పాలి. టికెట్టు వెనక బాకీ రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమనడం ఆర్టీసీ అంత పాతది. దిగే తొందరలో మరిచిపోయిన రూపాయలు ఎవరి దగ్గర మిగులుతాయో, కండక్టరు తన జేబులోంచి ఇచ్చినవి ఎన్నో ఎవరూ లెక్క తీయలేదు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ వేసినప్పుడు పల్లెవెలుగులో కనీస ఛార్జీ పది రూపాయలయింది. చిల్లర బాధ తప్పించడం కూడా అప్పుడు చెప్పిన కారణమే. కార్డు వచ్చాక ఆ కారణం ఉండదు. పదకొండు రూపాయల దూరానికి పదకొండే తీసుకోవచ్చు. ఛార్జీని అయిదుకో పదికో సరిచేసే లెక్కలు కార్డుదారులకు ఎత్తేస్తారా? ఈ ప్రశ్నకు మీ ఆర్థిక విభాగం వారు నవ్వుతారని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఆడవాళ్ళకు ఛార్జీయే లేదు కదా, సగం బస్సుకు కార్డు దేనికి అని ఎవరైనా అనొచ్చు. నిజానికి 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి ఉచిత ప్రయాణ పథకం మొదలయ్యాక కార్డు అవసరం పెరిగింది. ఇప్పుడు ప్రతి ఆడమనిషి గుర్తింపు కార్డు తీసి చూపాలి, కండక్టరు చూసి జీరో టికెట్టు కొట్టాలి. ఒక్కొక్కరికి పావు నిమిషమే అనుకున్నా, అరవై మంది ఎక్కితే పావుగంట. నిండిన బస్సులో ఆ పావుగంట రోడ్డు పక్కన బస్సు ఆపి గడపాలి, లేదా టికెట్టు కొట్టకముందే మనుషులు దిగిపోవాలి. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది ఆ జీరో టికెట్ల లెక్క మీదే కాబట్టి, కొట్టని ప్రతి టికెట్టూ సంస్థకే నష్టం. ఇక ఆధార్ కార్డు చేలోకి, బట్టీలోకి, కూరగాయల మార్కెట్టుకు రోజూ మోసుకెళ్ళడం సంగతి ఆ కార్డు పోగొట్టుకున్నవాళ్ళను అడగాలి.

దీనికి మార్గం ఉంది. సచివాలయంలో ఒక్కసారి కాగితాలు చూపితే ఫొటో అచ్చేసిన బస్సు కార్డు ఇవ్వండి. చిప్పులో 'అర్హురాలు' అన్న గుర్తు ఒక్కటి చాలు. పేరు, ఆధార్ నంబరు, ఊరు అందులో ఉండనక్కర్లేదు. కండక్టరు ఫొటో చూస్తాడు, మిషను గుర్తు చూస్తుంది, జీరో టికెట్టు లెక్కలోకి ఎక్కుతుంది. ప్రభుత్వానికి కావలసింది ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న సంఖ్యే కదా. ఏ సుబ్బమ్మ ఏ రోజు ఏ ఊరు వెళ్ళిందన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఆక్టోపస్ కార్డు నడిపే సంస్థ తన ఖాతాదారుల్లో దాదాపు 20 లక్షల మంది వివరాలు ఇతర కంపెనీలకు అమ్ముకుని 4.4 కోట్ల హాంకాంగ్ డాలర్లు సంపాదించినట్టు 2010లో బయటపడింది. ప్రపంచం మొత్తం ఆదర్శమని చెప్పుకునే కార్డు అది. అక్కడ నష్టం అడగని ఇన్సూరెన్సు ఫోన్లు రావడం దగ్గర ఆగి ఉండొచ్చు. మా జిల్లా సంగతి వేరు. 2024 మే నెలలో పోలింగు తర్వాత ఇక్కడ 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. పార్టీ గొడవల వల్ల ఊరొదిలి బంధువుల ఇళ్ళల్లో తలదాచుకున్నవాళ్ళు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మొగుడి దెబ్బలకు తాళలేక ఎవరికీ చెప్పకుండా పుట్టింటికి బస్సెక్కిన ఆడవాళ్ళూ ఉంటారు. ఫలానా మనిషి ఫలానా స్టేజీలో దిగిందన్న కబురు ఒక కంప్యూటరులో ఏళ్ళ తరబడి పడి ఉండడం, దాన్ని తెలిసినవాళ్ళ ద్వారా తీయించుకునే మనుషులు ఉండడం, రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించడానికి పల్నాడులో పెద్ద తెలివి అక్కర్లేదు. 2023లో దేశానికి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, మంచిదే. అసలు సమాచారమే రాసుకోకపోతే కాపాడే బాధే ఉండదు.

కర్ణాటక అనుభవం కూడా చూడండి. 2023 జూన్‌లో అక్కడ శక్తి పథకం మొదలుపెడుతూ, మూడు నెలల్లో స్మార్ట్ కార్డులు తీసుకోవాలన్నారు. ఆ గడువు దాటిపోయాక కూడా ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తూనే ప్రయాణం చేశారు. పనులు ఆలస్యమవడం సహజం, దాన్ని తప్పుపట్టను. మనవాళ్ళు కూడా ఒక తేదీ పెట్టి, ఆ తర్వాత కార్డు లేకపోతే టికెట్టు కొనాల్సిందే అంటారేమోనన్నదే బెంగ. కార్డు వచ్చాక కూడా నోటుతో, గుర్తింపు కార్డుతో ఎక్కే హక్కు అలాగే ఉండాలి. లండన్‌లో 2014 జులై 6 నుంచి బస్సుల్లో డబ్బు తీసుకోవడం మానేశారు. అక్కడ కూడా కార్డులో నిల్వ చాలకపోతే ఇంకొక్క ప్రయాణం చేయనిచ్చి, తర్వాత వేసే డబ్బులోంచి తీసుకునే ఏర్పాటు పెట్టారు. రాత్రి ఆఖరి బస్సు దగ్గర నిల్వ మూడు రూపాయలు తక్కువైందని మనిషిని దింపేసే కార్డు మాకొద్దు.

ఇక, జిల్లా మారాక మాకొచ్చిన కొత్త ఖర్చు గురించి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి కలెక్టరాఫీసు గుంటూరు నుంచి నరసరావుపేటకొచ్చింది. దూరం తగ్గింది, సంతోషం. కానీ మాచవరం మండలం పల్లెల్లోని రైతు తన పాసుపుస్తకం సంగతి అడగడానికి నరసరావుపేట పోవాలంటే పిడుగురాళ్లలో దిగి ఇంకో బస్సెక్కాలి. ఒకే ప్రయాణం, రెండు టికెట్లు. రెండో బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే దూరం లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, కనీస ఛార్జీ మళ్ళీ పడుతుంది. నేరుగా ఒకే బస్సు వేయలేకపోవడం అతని తప్పు కాదు. కాగితం టికెట్టుతో ఈ రెండు ప్రయాణాలను కలపడం కష్టం. కార్డుతో చాలా తేలిక. మొదటి బస్సు ఎక్కడ ఎక్కాడో, ఎప్పుడు దిగాల్సి ఉందో చిప్పులోనే ఉంటుంది కాబట్టి, రెండో కండక్టరు మిషను మొత్తం దూరానికి ఒకే ఛార్జీ లెక్క కట్టి, ముందు కట్టింది పోను మిగతాదే తీసుకోవచ్చు. లండన్‌లో 2016 నుంచి గంటలోపు మారిన రెండో బస్సుకు ఛార్జీ వేయడం లేదు. మా బస్సుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి గంట చాలదు, మూడు గంటలివ్వండి. ఈ కార్డుతో ఒక్క మేలే చేయగలమని మీరంటే, నేను కోరుకునేది ఇదే. బడ్జెట్టు ప్రసంగాల్లో వినిపించే కనెక్టివిటీ ఇంతకన్నా పెద్దదేం కాదు.

కృష్ణ అవతలి సంగతి కూడా ఉంది. దాచేపల్లి దాటి పొందుగల వంతెన మీదుగా పోతే వాడపల్లి, దామరచర్ల, మిర్యాలగూడ. అటూ ఇటూ వియ్యాలందిన కుటుంబాలు వేలల్లో ఉంటాయి. స్త్రీ శక్తి అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు, తెలంగాణలో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి అక్కడి ఆడవాళ్ళకే. ఉచితం సంగతి రెండు ప్రభుత్వాలూ తేల్చుకోనివ్వండి. కనీసం డబ్బు వేసుకున్న కార్డు రెండు ఆర్టీసీల బస్సుల్లోనూ చెల్లేలా మొదటి రోజు నుంచే ఒప్పందం రాసుకోండి. మిషన్లు కొన్నాక ఆలోచిస్తే పొసగదు. కొనేటప్పుడు చవక చిప్పుల జోలికి కూడా పోవద్దు. ప్రపంచమంతా వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్పు రహస్యాన్ని 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఛేదించాక చాలా ఊళ్ళ కార్డులు మార్చాల్సి వచ్చింది.

కండక్టర్లకు ఒక అనుమానం ఉంటుంది, దాన్ని ముందే తీర్చండి. కార్డు వచ్చిందని పల్లెవెలుగులోంచి కండక్టరును తీసేయకండి. బస్సు మీద ఎరువుల బస్తా ఎక్కించేదీ, ముసలమ్మను చెయ్యి పట్టి దింపేదీ, ఈ బస్సు జూలకల్లు పోదమ్మా అని వెనక్కి పిలిచేదీ ఆయనే. టికెట్లు కొట్టే సమయం మిగిలితే ఈ పనులే ఇంకా బాగా చేస్తాడు.

కార్డుల్లో నిలవుండే డబ్బు మీద కూడా నాకొక ఆశ ఉంది. లక్ష కార్డుల్లో సగటున వంద రూపాయలు నిలవున్నా కోటి రూపాయలు ఎప్పుడూ ఎక్కడో ఒక ఖాతాలో ఉంటుంది. దాని మీద వడ్డీ కార్డు నడిపే కంపెనీకి పోకుండా, పల్లె స్టేజీల దగ్గర నీడకు రేకుల షెడ్లు వేయించేలా ఒప్పందంలోనే రాయించండి. మే నెల ఎండలో కరాలపాడు రోడ్డు మీద అరగంట నిలబడినవాళ్ళు ఈ మాట సమర్థిస్తారు.

మిరప కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుని ఎండాకాలం దాకా సాగుతాయి. జిల్లాలో ఉన్న ఆరు డిపోల్లో ఒక్క పిడుగురాళ్ల డిపోలో, ఒక్క కోతల కాలం, పల్లెవెలుగు బస్సుల్లో మాత్రమే ప్రయత్నించి చూడండి. పొద్దుటి బస్సుల్లో ఎంతమంది ఎక్కారు, సాయంత్రం అదే దారిలో ఎంతమంది వెనక్కి వచ్చారు, ఎక్కడ బస్సు మారారు అన్న లెక్క పేర్లు లేకుండానే దొరుకుతుంది. పొద్దున ఎక్కిన వందమందిలో సాయంత్రం బస్సులో నలభై మందే కనిపిస్తే మిగతావాళ్ళు ఏ ఆటోలో పది పన్నెండు మంది ఇరుక్కుని ఇంటికి చేరుతున్నారో అర్థమవుతుంది. అప్పుడు ఆ వేళకు ఇంకో ట్రిప్పు వేయండి. ఈ లెక్క ప్రతి నెలా డిపోలో అందరికీ కనిపించేలా పెట్టండి. ట్రిప్పు పెంచమని మేము అర్జీ పెట్టుకున్నప్పుడు జనం లేరనే జవాబు వస్తే, ఇద్దరం ఒకే కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

ఈ ఉత్తరానికి మీరు జవాబిస్తే వాట్సాప్‌లో పెట్టవద్దని మనవి. పిడుగురాళ్ల బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ పక్కన నోటీసు బోర్డు మీద, పెద్దక్షరాల్లో, తెలుగులో అంటించండి. బస్సు వచ్చేలోపు అందరూ చదువుకుంటారు.

ఇట్లు,
పిడుగురాళ్ల ప్రయాణికుడొకడు